పాకం తెలిసినవాళ్ల కోసం బోధన్ దాకా

నిజామాబాద్ వెళ్లొచ్చానంటే మా రాజమండ్రిలో అందరూ ఒకటే అడుగుతున్నారు. "అక్కడ ఏం చూశావు?" కోట చూశావా, గుడి చూశావా అని వాళ్ల ఉద్దేశం. నేను చూసింది చెరకు రసం మరిగే ఆరు పెనాల్ని, వాటి చుట్టూ తిరిగే మనుషుల్ని. ఆ వారంలో నవ్వినంతగా ఈమధ్య ఎప్పుడూ నవ్వలేదు. తిన్నంతగా పెళ్లిళ్లలో కూడా తినలేదు. ఇంతమందికి నోటితో చెప్పలేక రాయడానికి కూర్చున్నాను.

నేను ఒక చిన్న పిప్పరమెంట్ల ఫ్యాక్టరీలో సరుకులు కొనే గుమాస్తాను. మా దగ్గర ముప్పై మంది ఆడవాళ్లు పిప్పరమెంట్లకు కాగితాలు చుడతారు. కంట్రోలు రోజులు కాబట్టి పెద్ద ఫ్యాక్టరీల పంచదార మాకు చాలినంత దొరకదు. చిన్న మిల్లులు ఆరుబయట పెనాల మీద వండే ఖండసారి చక్కెర తెప్పించుకుంటాం. కిందటేడు మాకు చక్కెర పంపే మిల్లులో పాకం వండే పనివాడు ఎవరితోనో మాటామాటా పెరిగి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన సరుకు తడిముద్ద. దాంతో చేసిన పిప్పరమెంట్లు కాగితాలకు అతుక్కుపోయి, తింటే కాగితం కూడా తినాల్సి వచ్చింది. రెండు నెలలు ఫ్యాక్టరీ మూశాం. ముప్పై మంది చేతులు ముడుచుకుని ఇళ్లలో కూర్చున్నారు.

ఈసారి మా యజమాని వెంకటరత్నం గారు బోధన్ దగ్గర ఒక మిల్లుతో ఏడాది పొడుగునా సరుకు తీసుకునే ఒప్పందం చేసుకుందామనుకున్నారు. సంతకం పెట్టే అధికారం నా చేతికిచ్చి, రైలెక్కించే ముందు ఒకటే మాట చెప్పారు.

"మిషన్లు చూడొద్దు సుబ్బారావ్. విరిగితే అతికించుకుంటారు. ఏ ఒక్క మనిషి రేపు పనిలోకి రాకపోతే ఆ మిల్లు ఆగిపోతుందో, అది కనుక్కుని రా."

చిన్న రైలు

సికింద్రాబాద్‌లో పెద్ద రైలు దిగి మీటర్ గేజ్ బండి ఎక్కాను. మా వైపు రైళ్లకు అలవాటు పడ్డవాడికి అది బొమ్మ రైలులా ఉంటుంది. ఎదురు బల్ల మీద కూర్చున్నవాళ్ల మోకాళ్లు మన మోకాళ్లకు తగులుతాయి, కాబట్టి మాట్లాడక తప్పదు.

నా ఎదురుగా నందిపేట్ వెళ్లే అవ్వ కూర్చుంది. కూతురింటికి పోయి తిరిగొస్తోంది. ఆమె మొదటి ప్రశ్న, "యే ఊరు బిడ్డా నీది? ఏడికి వోతున్నవ్?"

మా వైపు ముక్కూ మొహం తెలియనివాణ్ని, అందులోనూ చొక్కా జేబులో కలం ఉన్నవాణ్ని, "నువ్వు" అనరు. ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నాను. రెండో క్షణంలో ఆమె సంచి విప్పి, నువ్వులూ పల్లీలూ అద్దిన సర్వపిండి ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. బియ్యప్పిండి రొట్టె అంత కరకరలాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. దాంతో "నువ్వు" అన్న మాటలోని తీపి కూడా తెలిసింది.

వచ్చిన పని చెప్పాను. అవ్వ బోసినోటితో నవ్వింది.

"మా పసుపు కాడ గూడ గంతే బిడ్డా. పసుపు ఉడికిందా లేదా మా యారాలు, మా మరిది పెండ్లాం, ఒక్కతే చెప్తది. కొమ్ముకు పుల్ల గుచ్చి సూస్తది. ఆమె అలిగిందనుకో, ఊరందరి పసుపు ఆగుతది. గందుకే పసుపు దినాలల్ల మేమెవ్వలం ఆమెతోని కొట్లాడం. పసుపు పని అయినంక కొట్లాడుతం."

కామారెడ్డిలో ఆమె పచ్చి శనగ కట్ట ఒకటి కొని సగం నాకిచ్చింది. ఇద్దరం ఒలుచుకుని తింటూ, తొక్కలు కిటికీలోంచి పారేస్తూ నిజామాబాద్ చేరాం. దిగేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి "పైలం బిడ్డా" అంది. అంటే జాగ్రత్త అని. ఆ వారంలో ఆ మాట ఎంతమంది నోట విన్నానో.

నిజామాబాద్‌లో సగం చాయ్

సాయంత్రం బజారులో ఒక హోటల్లో కూర్చుని అలవాటు కొద్దీ కాఫీ అడిగాను. గల్లా దగ్గరున్న పెద్దమనిషి ఆందోళనగా లేచి వచ్చాడు.

"తబియత్ బాగలేదా సాబ్?"

"బాగానే ఉందండీ."

"మరి కాఫీ ఎందుకు? మా దగ్గర కాఫీ బీమారోళ్లు తాగుతరు. చాయ్ తాగుండ్రి."

చాయ్ వచ్చింది. పాలు చిక్కగా, రంగు ఇటుకలా. పక్క బల్ల మీద ఇద్దరు మిత్రులు ఒక్క చాయ్ తెప్పించుకుని, ఒకరు కప్పులో, ఇంకొకరు సాసరులో తాగుతున్నారు. మా ఊళ్లో అలా చేస్తే పిసినారులంటారు. ఇక్కడ అది స్నేహమట. పదిహేను పైసల్లో రెండు కడుపులు, గంట కబుర్లు. తెలుగులో మొదలైన మాట ఉర్దూలోకి వెళ్లి, మధ్యలో ఒక మరాఠీ బేరగాడు తగలగానే అటు తిరిగి, మళ్లీ తెలుగులో ముగిసేది. నాకు సగం అర్థమైంది. నవ్వులు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి.

చెరకు బండి మీద

మర్నాడు పొద్దున బోధన్ చేరాను. మిల్లు అక్కడినుంచి రుద్రూర్ పోయే దారిలో ఉంది. బస్సుకు ఇంకా గంట ఉందన్నారు. ఇంతలో చెరకు గడలు ఆకాశమంత ఎత్తు పేర్చిన ఎడ్లబండి ఒకటి వచ్చింది. తోలేవాడు నన్ను చూసి, "మిల్లుకా? బసా, రావ్‌సాహెబ్, బసా!" అన్నాడు. కూర్చోమని మరాఠీలో మర్యాద. ఎక్కడం తెలియక రెండుసార్లు జారి, మూడోసారి అతను నా పంచె కొంగు పట్టుకుని పైకి లాగాడు. కొంగు చిరిగింది, నేను మాత్రం ఎక్కాను.

అతని పేరు మారుతి. సరిహద్దు అవతలి పల్లెల నుంచి చెరకు కొట్టడానికి ఏటా వచ్చే జట్టులో మనిషి. గడ విరిచి నాకిచ్చి, తానూ ఒకటి పళ్లతో చీల్చుకుంటూ మాట్లాడాడు. నా మనసు పని మీదే ఉంది కాబట్టి అడిగాను.

"చుట్టుపక్కల ఇన్ని మిల్లులున్నాయి కదా. మీ జట్టు ఈ మిల్లుకే ఎందుకు వస్తుంది? వచ్చే ఏడు ఇంకోచోటికి పోతే?"

"ఏడికి వోతం?" అన్నాడు మారుతి, వచ్చీరాని తెలుగులో. "రెండేండ్ల కింద నా భార్యకు గుడిసెల నొప్పులొచ్చినయ్. మిల్లు పటేల్ జీపు పంపిండు. దవాఖానకు తీస్కపోయిన్రు. బిడ్డ పుట్టింది. పటేల్ వచ్చి సూసిండు, బిడ్డకు అంగీ తెచ్చిండు. ఇంగ మేం ఏడికి వోతం సెప్పు?"

బండి మీదే పుస్తకం తీసి రాసుకున్నాను. 'చెరకు కొట్టేవాళ్లు - వస్తారు.' బండి కుదుపుకి అక్షరాలు చీమల్లా పాకాయి.

మిల్లులో

మిల్లు యజమాని గంగారెడ్డి. అందరూ పటేల్ అంటారు. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. నేను దిగీ దిగగానే చెరకు రసం ఇచ్చాడు. తాగాను. ఇంకోటి ఇచ్చాడు. వద్దంటే "మా రసం మంచిగ లేదా?" అని మొహం మాడ్చుకున్నాడు. అయిదు గ్లాసులు తాగాను. ఆ అయిదు గ్లాసులు మధ్యాహ్నమంతా నన్ను మిల్లు వెనక జొన్నచేలోకి ఎన్నిసార్లు పరుగెత్తించాయో లెక్క చెప్పను. నేను పోయిన ప్రతిసారీ గానుగ దగ్గరి కూలీలు "పైలం సారూ!" అని అరిచేవారు.

మిల్లు పని చూడముచ్చటగా ఉంటుంది. గానుగలోంచి వచ్చిన రసాన్ని తొట్టిలో నింపి, సున్నపుతేట వేస్తారు. దంచిన బెండకాడల జిగురు కలిపితే మురికంతా నురగలో తేలుతుంది. తేరిన రసం ఆరు పెనాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా మరిగి, చివరి పెనంలో పాకమవుతుంది. దాన్ని తొట్లలో పోసి నాలుగు రోజులు కదపకుండా ఉంచితే పలుకు కడుతుంది. తర్వాత గిర్రున తిరిగే జల్లెడ మిషన్‌లో వేస్తే మడ్డి బయటికి పోయి చక్కెర మిగులుతుంది. ఇందులో ప్రాణమంతా చివరి పెనం దగ్గర ఉంది. క్షణం ముందు దించితే పలుకు రాదు. క్షణం ఆలస్యమైతే మాడుతుంది.

ఆ పెనం దగ్గర నిలబడ్డవాడు ఉస్తాద్ కరీం సాబ్. అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, ఆవిరికి ఎర్రబడ్డ కళ్లు. గరిటె ఎత్తి పాకం జారవిడిచేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగదీసేవాడు. కళ్లు మూసుకుని బుడగల చప్పుడు వినేవాడు. ఉన్నట్టుండి "దించు!" అని అరిస్తే నలుగురు కూలీలు పెనం మీద పడేవారు. కింద పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోసే మనిషి సాయవ్వ. గోచికట్టు చీర, నుదుటి నుంచి చెవుల వెనగ్గా కట్టిన తుండుగుడ్డ, ముప్పై అయిదేళ్లుంటాయేమో.

నేను అందరి ముందూ పటేల్‌ను అడిగేశాను. "ఇక్కడ ఎవరు ఒక్కరోజు రాకపోతే మీ పని ఆగిపోతుందండీ?"

"ఇంకెవరు, నేనే!" అన్నాడు పటేల్ ఛాతీ తట్టుకుని.

పొయ్యి నోటి దగ్గర్నుంచి సాయవ్వ గొంతు వచ్చింది. "పటేలు రాకుంటే జర జోరుగ నడుస్తది."

మిల్లంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా పటేలే నవ్వాడు. ఆ నవ్వులో నేను చనువుగా ఉస్తాద్ ఎడమ భుజం తట్టాను. ఆయన "యా అల్లా!" అని గిలగిల్లాడి కూర్చుండిపోయాడు.

"గడ్డ... గడ్డ లేసింది సార్, ఏం లేదు," అన్నాడు పటేల్ తడబడుతూ.

ఉస్తాద్ తలెత్తాడు. "అబద్ధమెందుకు పటేలా? హజ్‌కు వోయేటోని కోసం అబద్ధం ఆడితే నా ఓడ మునుగుతది." నా వైపు తిరిగాడు. "సూది సాబ్. ఓడ ఎక్కేటోళ్లకు సూది ఏస్తరు. నాకూ నా బీబీకీ ఓడల జాగ దొరికింది. ఈ శనివారమే బయలెల్లుతున్నం. తిరిగొచ్చేటాలకు సీజన్ అయిపోతది."

పటేల్ మొహం చూడలేకపోయాను. ఆయన దాచింది మోసంతో కాదు, ఒప్పందం పోతుందన్న భయంతో. నా పరిస్థితీ అంతే. అంత పుణ్యయాత్రకు వెళ్తున్న మనిషికి శుభాకాంక్షలు చెబుతూనే, లోపల మాత్రం రాజమండ్రిలో కాగితాలు చుట్టే ముప్పై మంది కనిపించారు. కిందటేటి కథే మళ్లీ ఎదురుగా నిలబడింది.

గురువారం తొట్టి

ఆ రాత్రి మిల్లు గదిలోనే పడుకుని, పొద్దున్నే లేచి తొట్ల దగ్గరికి వెళ్లాను. 'కుదరదు' అని ఉత్తరం రాసే ముందు సరుకైనా ఒకసారి చూద్దామని. తొట్ల మీద ఏ వారం నింపారో సుద్దముక్కతో రాసి ఉంది. పిప్పరమెంట్ల పనిలో ఇరవై ఏళ్లున్నవాడికి చక్కెర సంగతి కళ్లకన్నా వేళ్లకు బాగా తెలుస్తుంది. ఒక్కో తొట్టిలోంచి చిటికెడు తీసి నలుపుతూ పోయాను. అన్నీ బాగున్నాయి. ఒక తొట్టి మాత్రం వేరుగా ఉంది. ఆవగింజల్లా ఒకే కొలతలో ఉన్న పలుకు, మడ్డి తడిలో కూడా వేళ్ల మధ్య గరగరలాడింది. 'గురు' అని రాసి ఉంది.

ఉస్తాద్ రాగానే చెప్పాను. "అన్నిట్లోకీ మీ గురువారం పాకం గొప్పగా వచ్చింది సాబ్."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "పోయిన గురువారం నేను నిజామాబాద్‌కు సూది ఏయించుకునేటందుకు వోయిన."

"నేనే జీపుల తీస్కపోయిన," అన్నాడు పక్కనే ఉన్న పటేల్. "పొద్దుగూకినంక వచ్చినం. ఆ దినం పెనాలు బందు పెట్టుమని చెప్పి పోయిన గదా! మరి గీ తొట్టి ఎవ్వడు నింపిండు?"

గానుగ దగ్గరివాళ్లు గానుగ వైపు చూశారు. పెనాలు దించే నలుగురూ నేల చూశారు. నిజమేమిటంటే మిల్లులో అందరికీ తెలిసిన సంగతి పటేల్‌కు ఒక్కడికే తెలియదు. చివరికి ఉస్తాదే నోరు విప్పాడు.

"బండ్లు వచ్చినయ్, గానుగ తిరిగింది. రసం నిలువ ఉంటే పులుస్తది గదా. నేనే సాయవ్వకు చెప్పి పోయిన, వండు బేటీ అని."

"పొయ్యి కాడి సాయవ్వనా? పెనం నిండ పాకం ఆమె చేతుల వెట్టినవా? మాడితే?" పటేల్ గొంతుకి గానుగ ఎడ్లు కూడా తలలెత్తాయి.

"మాడిందా?" అన్నాడు ఉస్తాద్ నెమ్మదిగా.

పటేల్ తొట్టిలో వేళ్లు పెట్టాడు. నలిపాడు. ఇంకోసారి నలిపాడు. నోట్లో వేసుకున్నాడు.

"తొమ్మిది సీజన్ల సంది ఆమె మంట మీదనే వండుతున్న పటేలా. ముందుగాల 'పెంచు, తగ్గించు' అని మొత్తుకునేటోన్ని. ఇప్పుడు నేను నోరు తెరవక ముందే మంట తగ్గుతది. పాకం ఎట్లున్నదో ఆమెకు కిందికెల్లే ఎర్కయితది. చప్పుడు తోని. సగం పాకం ఎప్పటి సందో ఆమెదే."

అందరం సాయవ్వ వైపు తిరిగాం. ఆమె పిప్పి ఎగదోయడం ఆపలేదు.

"నాకొద్దు పటేలా," అంది వెనక్కి చూడకుండానే. "మంచిగైతే ఉస్తాద్ పేరు, మాడితే సాయవ్వ పేరు. ఉన్న పని సాలు నాకు."

ఇలాంటి చోట గుమాస్తాకు మాట్లాడే పని లేదు. కానీ చేతిలో ఆ పలుకు ఇంకా గరగరలాడుతోంది. నేనన్నాను, "సాయవ్వా, మీరు ఏం కావాలంటే ఒప్పుకుంటారో చెప్పండి. పటేల్ గారు సరేనంటే నేను ఇక్కడే సంతకం పెడతాను."

'మీరు' అన్న మాటకు ఆమె తిరిగి చూసింది. నన్ను కాసేపు తేరిపార చూసి, పిప్పి తోసే కట్టె కింద పెట్టి లేచింది.

"గట్లయితే ఇను పిప్పరమెంట్ సారూ. ఉస్తాద్‌కు ఇచ్చే కూలే నాకియ్యాలె. మంచిగైతే నా పేరు చెప్పాలె. పొయ్యి కాడ నేను సూపెట్టిన మనిషిని వెట్టాలె. ఇంకోటి..." పటేల్ వైపు తిరిగింది. "ఇంకిద్దరికి నేర్పుత. నాక్కూడ జొరం వస్తది గదా."

మా యజమాని నన్ను అంతదూరం పంపి కనుక్కు రమ్మన్నది అదే. ఒక్కరి మీద నడిచే పని ఎక్కడుంది, దానికి మందేమిటి. పుస్తకం, కలం, రైలు టిక్కెట్టు ఉన్న నేను ఇంకా తడుముకుంటున్నాను. పొయ్యి ముందు కూర్చున్న మనిషి నాలుగు ముక్కల్లో తేల్చేసింది.

పటేల్ మీసం మెలేశాడు. తర్వాత అన్నాడు, "రేపు నా కండ్ల ముంగట వండు. సూస్త."

రెండు గొంతులు

మర్నాడు పెనం దగ్గర జాతరలా ఉంది. మారుతి జట్టు కూడా కత్తులు పొలంలో వదిలేసి వచ్చి నిలబడింది. సాయవ్వ చేతులు కడుక్కుని, పెనానికి దండం పెట్టి, గరిటె పట్టుకుంది. పొయ్యి దగ్గర తన చెల్లెలు పోసవ్వను కూర్చోబెట్టింది.

ఇబ్బందల్లా ఉస్తాద్‌తోనే. ముప్పై ఏళ్ల అలవాటు. ఆయన చెయ్యి దానంతటదే గరిటె వైపు వెళ్లేది. "జర చూడనీ", "మంట జర..." అంటూ లేచేవాడు. మూడుసార్లు ఓర్చుకుని నాలుగోసారి సాయవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఉస్తాదూ, నువ్వు మక్కా మొకాన తిరిగి కూసో!"

మక్కా పడమర. పెనం తూర్పు. అందరూ ఘొల్లుమన్నారు. ఉస్తాద్ బుద్ధిమంతుడిలా స్టూలు తిప్పుకుని, పెనానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నవ్వులు ఆగాయి. రసం చిక్కబడుతోంది. బుడగలు పెద్దవై, మళ్లీ చిన్నవయ్యాయి. సాయవ్వ తీగ సాగదీసింది, తల అడ్డంగా ఊపింది. "పోసవ్వా, జర పిప్పి వెనక్కి గుంజు," అంది. మళ్లీ తీగ. ఉస్తాద్ కళ్లు మూసుకుని పడమటి ఆకాశం వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. పటేల్ మునివేళ్ల మీద లేచి పెనంలోకి తొంగి చూశాడు. నేనూ అంతే.

"దించుండ్రి!" అంది సాయవ్వ.

"దించు!" అన్నాడు ఉస్తాద్, తిరగకుండానే.

రెండు గొంతులూ ఒకే క్షణంలో వచ్చాయి. ఏది ముందో, ఏది వెనకో ఇప్పటికీ నేను చెప్పలేను. పెనం దిగింది. తేనె రంగు పాకం తొట్టిలోకి జారింది. ఎవరో ఈల వేశారు. మారుతి నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. మిగిలిన పంచె కొంగు కూడా అప్పుడే పోయింది.

పటేల్ సాయవ్వ దగ్గరికి వెళ్లాడు. తన భుజం మీది కొత్త తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సెమట తుడుసుకో ఉస్తాదమ్మా," అన్నాడు. ఆ పేరు మరి పోలేదు.

సాయవ్వ షరతులన్నిటికీ పటేల్ ఒప్పుకున్నాక, ఒప్పందం కాగితం మీద నేను చేత్తో ఒక వాక్యం చేర్చాను. పెనం దగ్గరా, పొయ్యి దగ్గరా పని తెలిసినవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి. పటేల్ చదివి, "ఇది మీరు రాయకున్నా ఆమె రాయిస్తది," అంటూ సంతకం పెట్టాడు.

ఉస్తాద్ ఇంట్లో

శుక్రవారం నమాజు తర్వాత బోధన్‌లో ఉస్తాద్ ఇంట్లో భోజనం. హజ్‌కు వెళ్లేవాళ్ల ఇంటికి ఊరంతా వచ్చి పోతోంది. తెలిసీ తెలియక చేసిన తప్పులుంటే మన్నించమని ఆలుమగలిద్దరూ వచ్చిన ప్రతివాళ్లనూ అడుగుతున్నారు. మా వైపు కాశీకి వెళ్లేవాళ్లకు బట్టలు పెడతాం, కాళ్లకు దండం పెడతాం గానీ, వెళ్లేవాళ్లే మనల్ని మన్నింపు అడగడం నాకు కొత్త. నిన్నగాక మొన్న పరిచయమైన నన్ను కూడా ఆయన అడిగాడు. "మీ భుజం తట్టి ఏడిపించింది నేను కదా," అంటే ఇద్దరం నవ్వుకున్నాం.

బగారా అన్నం, చింతపండు వేసిన పప్పు, వంకాయ కూర, చివర్లో నేతిలో వేయించిన రొట్టె ముక్కల తీపి. మాంసం తిననని ముందే తెలుసుకుని నాకు వేరే పొయ్యి మీద, కొత్త గిన్నెల్లో వండారట. ఉస్తాద్ భార్య అమీనా బీ పరదా అవతలి నుంచే వడ్డన నడిపిస్తూ ఇలా అంది. "ఈయన ఇంట్ల పప్పు గూడ ఏలుకు అంటించుకుని తీగ సూస్తడు సాబ్. ముప్పై ఏండ్లు గిట్లనే. చలికాలం వస్తే మనిషి నాకు దక్కలే. పండుగైనా పెండ్లైనా పెనం కాన్నే. మా బిడ్డ నిఖా నాడు గూడ ఆలస్యంగ వచ్చిండు."

ఉస్తాద్ తలొంచుకుని తీపి తిన్నాడు. అలవాటు మానలేక వేళ్ల మధ్య పాకం తీగ చూసి, మేం గమనించామని తెలిసి సిగ్గుపడ్డాడు.

స్టేషన్

శనివారం మధ్యాహ్నం నిజామాబాద్ స్టేషన్‌లో ఇసకేస్తే రాలనంత జనం. ఓడరేవుకు పోయే దారిలో మన్మాడ్ వైపు వెళ్లే బండి వాళ్లది, సికింద్రాబాద్ వైపు బండి నాది. వాళ్లదే ముందు. బంధువులు, బోధన్ వర్తకులు, పటేల్ జీపులో కుక్కి తెచ్చిన మిల్లు కూలీలు. పూలదండల్లో ఉస్తాద్ గడ్డం మాత్రమే కనిపిస్తోంది. కుడి చేతికి క్షేమం కోరే పచ్చని పట్టీ కట్టారు. కౌగిలించుకున్న ప్రతివాడూ ఎడమ భుజం నొక్కుతుంటే ఆయన "యా అల్లా" అని నవ్వుతూ మూలుగుతున్నాడు. పటేల్ కళ్లు తుడుచుకుంటూ, పొగ పడిందని అందరికీ చెబుతున్నాడు.

ఉస్తాద్ కళ్లు మాత్రం జనంలో ఎవరినో వెతుకుతున్నాయి. బండి ఎక్కే ముందు అడిగాడు.

"సాయవ్వ రాలేదా?"

పటేల్ మొహమాటపడ్డాడు. "జీపుల ముందు సీటు ఆమెకే పెట్టిన ఉస్తాద్. మస్తు బతిలాడిన. 'పెనం మీద రసం ఉన్నది, ఎట్లొస్త? నా సలాం చెప్పు' అన్నది. ఏమనుకోకు."

ఈ మాటకు ఉస్తాద్ బాధపడతాడేమోనని నేను భయపడ్డాను. ఆయనకు నవ్వు మొదలైంది. గడ్డం కదిలింది, భుజాలు కదిలాయి, దండలన్నీ ఊగాయి. నొప్పి భుజాన్ని చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా.

"పట్టింది!" అన్నాడు. "ముప్పై ఏండ్లు నన్ను పట్టుకున్న పెనం ఇగ ఆమెను పట్టింది. ఇంకేం కావాలె నాకు!"

బండి ఈల వేసింది. ఆలుమగలిద్దరూ ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నారు. జనం కేకలు, చేతులు, పూలు. నేనూ అందరితో పాటు బండి పక్కన నడుస్తూ చెయ్యి ఊపాను. పెట్టె ఇంకా ప్లాట్‌ఫారం దాటలేదు, ఉస్తాద్ నుంచి జవాబు రావడం ఆగిపోయింది. తొంగి చూస్తే కిటికీ చువ్వకు తల ఆనించి, దండల్లోనే, నోరు కొద్దిగా తెరిచి, చంటిబిడ్డలా నిద్రపోతున్నాడు.

అమీనా బీ ముసుగు సర్దుకుని, పెదాల మీద వేలు పెట్టి, అరుస్తున్న మా అందరి వైపూ చూసింది. ప్లాట్‌ఫారం మీద అంతమందిమీ ఒక్కసారి నోళ్లు మూసుకున్నాం. రైలు నెమ్మదిగా, చప్పుడు లేకుండా పోతున్నట్టే అనిపించింది.